సోషల్ మీడియా ఫీడ్‌లోని ప్రకటనలు యాడ్ బ్లాకర్‌కు ఎందుకు చిక్కడం లేదు?

ప్రశ్న: అనసూయ

నేను కంప్యూటర్‌లో చాలా కాలంగా యాడ్ బ్లాకర్ వాడుతున్నాను. వార్తల సైట్లు తెరిచినప్పుడు పక్కన పేరుకునే ప్రకటనలు గానీ, చదువుతుండగా అడ్డంగా వచ్చే పెట్టెలు గానీ, వాటంతటవే మోగే వీడియోలు గానీ నాకు కనిపించవు. అదే పేజీని ఇంకొకరి కంప్యూటర్‌లో చూసినప్పుడే అక్కడ అన్ని ప్రకటనలు ఉంటాయన్న సంగతి తెలుస్తుంది. కానీ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి చోట్ల మాత్రం ఈ పనితనం నిలకడగా ఉండదు. కొన్నాళ్లు ఫీడ్ శుభ్రంగా ఉంటుంది. ఆ తర్వాత ఉన్నట్టుండి మిత్రుల పోస్టుల మధ్య ప్రకటనలు మళ్లీ మొదలవుతాయి. ఫిల్టర్ లిస్టులను అప్‌డేట్ చేస్తే పోతాయి, కొన్నాళ్లకు తిరిగి వస్తాయి. ఫోన్‌లోని యాప్ దగ్గర అయితే ఏ బ్లాకరూ పనిచేయదు.

ఇది నా బ్లాకర్ బలహీనతా, లేక ఆ సంస్థలు కావాలని చేస్తున్న పనా? కావాలని చేస్తున్నదే అయితే ఈ పోటీలో చివరికి ఎవరిది పైచేయి అవుతుంది? ఇంకొక సందేహం కూడా ఉంది. ఆ సేవలను నేను డబ్బు చెల్లించకుండా వాడుకుంటున్నాను కనుక ప్రకటనలను తొలగించడం న్యాయమేనా అన్న ప్రశ్న నన్ను నిజంగానే ఇబ్బంది పెడుతోంది. తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: శ్రీనివాస్

అనసూయ గారూ, మీ బ్లాకర్‌లో లోపమేమీ లేదు. ప్రకటన వచ్చే దారే రెండు చోట్లా వేరు. వార్తల సైటు తన పేజీలో కొంత చోటు వదిలి, దాన్ని నింపే పనిని ఒక ప్రకటనల సంస్థకు అప్పగిస్తుంది. అందువల్ల మీ బ్రౌజర్ వార్తను ఒక డొమైన్ (వెబ్ చిరునామా) నుంచి, ప్రకటనను మరొక డొమైన్ నుంచి తెచ్చుకోవలసి వస్తుంది. ఆ రెండో డొమైన్ పేరు ఆపవలసినవాటి జాబితాలో, అంటే ఈజీలిస్ట్ వంటి ఫిల్టర్ లిస్టులో ఉంటే చాలు, దాన్ని అడిగే అభ్యర్థన మీ కంప్యూటర్ దాటకముందే ఆగిపోతుంది. ఫేస్‌బుక్‌లో ఈ తేడా ఉండదు. మిత్రుడి ఫొటో, అమ్మకందారు ప్రకటన రెండూ అదే సంస్థ సర్వర్ల నుంచి, ఒకే మూటలో కలిసి వస్తాయి. ఆ డొమైన్‌ను ఆపితే ఫేస్‌బుక్ మొత్తం ఆగిపోతుంది. అందుకే డొమైన్ పేర్లను బట్టి ఇల్లంతటికీ ప్రకటనలను ఆపే పై-హోల్ వంటి సాధనాలు ఫీడ్‌లోని ప్రకటనల విషయంలో ఎందుకూ పనికిరావు. పేజీ వచ్చేసిన తర్వాత అందులో ఏ పోస్టు ప్రకటనో గుర్తుపట్టి, దాన్ని కనిపించకుండా చేయడం ఒక్కటే మిగిలిన మార్గం.

కావాలని చేస్తున్నదేనా అని అడిగారు. అవును, ఆ సంస్థ దాన్ని బహిరంగంగానే ప్రకటించింది. 2016 ఆగస్టు 9న ఫేస్‌బుక్, కంప్యూటర్‌లో చూసేవారికి యాడ్ బ్లాకర్ ఉన్నా సరే ప్రకటనలు చూపిస్తామని చెప్పింది. అప్పుడే, ఏయే విషయాల మీద ప్రకటనలు వద్దో వాడుకరులు ఎంచుకునే సదుపాయాన్ని మెరుగుపరిచామని కూడా చెప్పింది. రెండు రోజులు తిరగకుండానే యాడ్‌బ్లాక్ ప్లస్ అనే బ్లాకర్ వెనకున్న వాలంటీర్లు కొత్త ఫిల్టర్ రాశారు. ఆ వెంటనే ఫేస్‌బుక్ తన కోడ్ మార్చి దాన్ని పనికిరాకుండా చేసింది. ఆనాటి నుంచి ఎత్తుకు పైఎత్తు నడుస్తూనే ఉంది. మీ ఫీడ్‌లో ప్రకటనలు పోయి మళ్లీ రావడం ఈ వరుసలో భాగమే.

ఫిల్టర్ లిస్టుల పనిలో నాకు కొంత ప్రమేయం ఉంది కాబట్టి అసలు పోరాటం జరిగే చోటును దగ్గరగా చూపించగలను. ప్రకటనకు అన్నిటికన్నా సులువైన ఆనవాలు దాని తలమీద ఉండే 'స్పాన్సర్డ్' అన్న చిన్న మాట. మొదట్లో ఆ మాట పేజీ కోడ్‌లో కూడా ఉన్నదున్నట్టుగా ఉండేది, ఆ మాట ఉన్న పోస్టును దాచేయమని ఒక్క వరుస నియమం రాస్తే సరిపోయేది. తర్వాత దాన్ని అక్షరం అక్షరంగా విడగొట్టి, ఒక్కో అక్షరాన్ని వేరే ట్యాగులో పెట్టారు. అది చాలదని ఆ అక్షరాల మధ్య అనవసరమైన ఎస్ అక్షరాలను చొప్పించి, వాటిని తెరమీద కనిపించకుండా స్టైల్ షీట్‌తో దాచారు. కంటికి సరైన మాటే కనిపిస్తుంది, కోడ్‌ను చదివే ప్రోగ్రామ్‌కు మాత్రం అర్థం లేని అక్షరాల గుంపు దొరుకుతుంది. దాచిన అక్షరాలను వదిలేసి కనిపించే వాటినే ఏరుకునే నియమం మావైపు నుంచి రాస్తే, కోడ్‌లో అక్షరాల వరుసను తారుమారు చేసి తెరమీద మాత్రమే సరిగా పేర్చే పద్ధతి అటువైపు నుంచి వచ్చింది. ఆ తర్వాత ఆ మాటను ఎక్కడో పేజీ మూలన ఒక ఎస్‌వీజీ బొమ్మలో (కోడ్‌తో గీసే బొమ్మ) ఉంచి, ఇక్కడ దాన్ని చూపించమని సూచన మాత్రమే పెట్టడం మొదలైంది. మామూలు పోస్టుల మీద కనిపించే తేదీలను కూడా ఇలాగే చిక్కుముడి వేయడంతో, చిక్కుముడి ఉన్న ప్రతిదీ ప్రకటనే అనుకునే వీలు కూడా లేకుండా పోయింది.

ఎవరిది పైచేయి అన్న ప్రశ్నకు నా సమాధానం 'స్పాన్సర్డ్' అన్న ఈ మాటలోనే ఉంది. ఇది ప్రకటన అని మనిషికి తెలిసి తీరాలి. అది మర్యాద కోసం మాత్రమే కాదు, యూరోపియన్ యూనియన్ డిజిటల్ సేవల చట్టంలోని 26వ అధికరణం ప్రకటనను ప్రకటనగా స్పష్టంగా గుర్తించేలా చూపాలని శాసిస్తోంది, ఇతర దేశాల్లోనూ ఇటువంటి నియమాలున్నాయి. మనిషి కంటికి తెలిసేదాన్ని యంత్రం కంటికి ఎల్లకాలం తెలియకుండా దాచడం సాధ్యం కాదు. 2017లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ ఆలోచనతోనే కోడ్‌ను పక్కనపెట్టి, తెరమీద మనిషి చూసే గుర్తులను బట్టి ప్రకటనలను పట్టే సాధనాన్ని తయారుచేశారు. అయితే దానికీ పరిమితి ఉందని కొద్దికాలానికే తేలింది. బొమ్మలను చూసి నేర్చుకునే ఇలాంటి సాధనాలను, కంటికి ఆనని చిన్న మార్పులతో మోసం చేయవచ్చని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2019లో ప్రచురించిన పత్రంలో చూపించారు. వారు చూపిన ఒక ఉదాహరణ నన్ను బాగా కలవరపెట్టింది: ఒక వాడుకరి ప్రత్యేకంగా మలచిన బొమ్మను పోస్టు చేస్తే, దాన్ని చూసి బ్లాకర్ పొరబడి, ఏ సంబంధమూ లేని ఇంకొక వ్యక్తి పోస్టును ప్రకటనగా లెక్కగట్టి దాచేసేలా చేయవచ్చు. ప్రకటనల కోసం మొదలైన పోరు మామూలు మనుషుల మాటలను మాయం చేసే దాకా వెళ్లగలదని దీని అర్థం. కాబట్టి గుర్తుపట్టే విషయంలో బ్లాకర్ పూర్తిగా ఓడిపోదు, అలాగని ఒక్కసారి గెలిచి ఊరుకోవడమూ ఉండదు.

జవాబు: మాధవి

శ్రీనివాస్ గారు చెప్పిన అక్షరాల చిక్కుముడి గురించి ఒక్క మాట చేర్చాలి. నాకు చూపు లేదు, స్క్రీన్ రీడర్‌తో చదువుకుంటాను. స్క్రీన్ రీడర్‌కు తెరమీద కనిపించే బొమ్మతో పని లేదు, అది కోడ్‌లో ఉన్న అక్షరాలను తీసుకుని చదివి వినిపిస్తుంది. అంటే బ్లాకర్ నిలబడిన చోటనే అది కూడా నిలబడి ఉంటుంది. బ్లాకర్‌ను తికమకపెట్టడానికి వేసిన ప్రతి ముడీ, జాగ్రత్త తీసుకోకపోతే, నా చెవికి కూడా అడ్డుపడుతుంది. ఒక పోస్టు మిత్రురాలు రాసిందో, డబ్బు చెల్లించి పెట్టించిందో తెలియక అయోమయంలో పడిన సందర్భాలు నాకున్నాయి. 'స్పాన్సర్డ్' అన్న మాటను స్క్రీన్ రీడర్‌కు విడిగా అందించే పద్ధతులు ఉన్నాయి, అయితే అలా అందిస్తే బ్లాకర్ కూడా అక్కడి నుంచే చదువుకుంటుంది. ఈ రెండింటిలో దేన్ని ఎంచుకోవాలన్న నిర్ణయం ఆ సంస్థ చేతిలో ఉంది, దాని ఫలితం అనుభవించేది మాత్రం మాలాంటివారు. యాడ్ బ్లాకర్ల గురించి వాదించేటప్పుడు ఈ సంగతిని దయచేసి పక్కనపెట్టవద్దు.

జవాబు: రఘురామ్

నేను చిన్న అమ్మకందారుల కోసం సోషల్ మీడియాలో ప్రకటనలు నడిపే పని చేస్తాను. అందుకే అనసూయ గారి చివరి ప్రశ్నకు, అంటే న్యాయాన్యాయాల ప్రశ్నకు, అటువైపు నుంచి జవాబు చెప్పాలనిపించింది. పెద్ద పత్రికలోనో టీవీలోనో ప్రకటన వేసే స్తోమత లేనివారు, తమ వస్తువు అవసరమయ్యే కొద్దిమందిని వెతికి పట్టుకోగలిగింది ఈ ఫీడ్‌ల వల్లనే. ఇంకొకవైపు, ఆ వేదికలు నడిచేది కూడా ఈ సొమ్ముతోనే. 2024లో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లను నడిపే మెటా సంస్థకు వచ్చిన సుమారు 16,450 కోట్ల డాలర్ల ఆదాయంలో దాదాపు 16,060 కోట్లు ప్రకటనల నుంచే వచ్చాయి. అంత మొత్తం ఒకే మూలం నుంచి వస్తున్నప్పుడు, దాన్ని కాపాడుకోవడానికి ఎంతమంది ఇంజినీర్లనైనా పెడతారని ఎవరైనా ఊహించగలరు. వాలంటీర్లు రాసే ఫిల్టర్ ఒకటి పనిచేయడం ఆగిపోతే, అది వారి అసమర్థత అని నేను అనను, బలాబలాలు అలా ఉన్నాయి.

అయితే నా పనిని నేను ఎంత గౌరవించినా, వాడుకరి మీద నింద వేయలేను. రెండు కారణాలున్నాయి. మొదటిది, ప్రకటన చూపించడం వేరు, మనిషి వెనకాలే తిరగడం వేరు. మీరు ఏదో సైటులో ఒక వస్తువును చూసి కొనకుండా వచ్చేస్తే, అదే వస్తువు మీ ఫీడ్‌లో ఎదురయ్యేది ఆ సైటులో ఉన్న మెటా పిక్సెల్ అనే చిన్న కోడ్ వల్ల. అది మరొక డొమైన్‌కు కబురు పంపుతుంది కనుక మీ బ్లాకర్ దాన్ని చక్కగా ఆపేస్తుంది. నిజానికి సోషల్ మీడియా విషయంలో బ్లాకర్ చేసే అతిపెద్ద మేలు ఇదేనని నా అభిప్రాయం, ఫీడ్‌లో కనిపించే ప్రకటనలను దాచడం దీని ముందు చిన్నది. ఈ నష్టాన్ని పూడ్చుకోవడానికే కన్వర్షన్స్ ఏపీఐ అనే పద్ధతి వచ్చింది. అందులో అమ్మకందారు సర్వరే నేరుగా మెటా సర్వర్‌కు వివరాలు పంపుతుంది. ఆ సంభాషణ మీ బ్రౌజర్ గుండా జరగదు కనుక ఏ బ్లాకరూ దాన్ని చూడను కూడా చూడలేదు. నా వృత్తిలో ఉన్నవారికి ఈ మార్పు బాగా తెలుసు, వాడుకరులకు మాత్రం ఎవరూ చెప్పరు. ట్రాకింగ్‌కు ముందుగా అనుమతి అడగాలన్న నియమాన్ని ఆపిల్ సంస్థ 2021 ఏప్రిల్‌లో ఐఫోన్లలో తెచ్చినప్పుడు, దానివల్ల 2022లో సుమారు 1,000 కోట్ల డాలర్ల ఆదాయం తగ్గవచ్చని మెటా అంచనా వేసింది. అడిగితే చాలామంది వద్దంటారన్నది ఆ అంచనాలోనే ఉంది.

రెండవది మోసపు ప్రకటనలు. మెటా తన 2024 ఆదాయంలో దాదాపు పదో వంతు మోసాలకు, నిషేధించిన సరుకులకు సంబంధించిన ప్రకటనల నుంచి రావచ్చని లోలోపల అంచనా వేసుకున్నట్టు, సంస్థ అంతర్గత పత్రాలను చూసి రాయిటర్స్ వార్తాసంస్థ 2025 నవంబరులో రాసింది. ఆ అంచనా ఉజ్జాయింపుదని, అవసరానికి మించి చాలా వాటిని కలుపుకుందని మెటా సమాధానం చెప్పింది. ఆ అంకె ఎంతైనా కావచ్చు, నిజాయితీగా ప్రకటన ఇచ్చేవారి పక్కనే మోసగాళ్లు కూడా అదే గుర్తుతో, అదే మర్యాదతో కనిపిస్తున్నారన్నది నేను నా పనిలో కళ్లారా చూస్తున్న నిజం. వెతుకులాట ఫలితాల్లో వచ్చే మోసపు ప్రకటనల గురించి హెచ్చరిస్తూ అమెరికా ఎఫ్‌బీఐ 2022 డిసెంబరులో యాడ్ బ్లాకర్ వాడమని ప్రజలకు సలహా ఇచ్చింది. భద్రత కోసం ప్రభుత్వ సంస్థే సూచించిన సాధనాన్ని వాడటం అన్యాయమని నేను చెప్పలేను.

డబ్బు చెల్లించి ప్రకటనలు లేకుండా వాడుకునే దారి కూడా అందరికీ తెరిచి లేదు. 2023 నవంబరులో యూరప్‌లో మెటా అటువంటి చందాను కంప్యూటర్‌లో నెలకు 9.99 యూరోలకు మొదలుపెట్టి, ఏడాది తర్వాత ధర తగ్గించింది. డబ్బు కట్టడమా, ట్రాకింగ్‌కు ఒప్పుకోవడమా అని రెండే దారులు చూపడం డిజిటల్ మార్కెట్ల చట్టానికి విరుద్ధమంటూ యూరోపియన్ కమిషన్ 2025 ఏప్రిల్‌లో 20 కోట్ల యూరోల జరిమానా విధించింది. మనిషి వెంటపడకుండా, చదువుతున్న విషయాన్ని బట్టి మాత్రమే చూపే ప్రకటనలు ఉంటే వాటిని చూడటానికి అభ్యంతరం లేనివారు చాలామంది ఉంటారని నేను గట్టిగా నమ్ముతాను. ఆ మూడో దారిని వేదికలు మనస్ఫూర్తిగా తెరవనంత కాలం ఈ గొడవ చల్లారదు.

అనసూయ

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మాధవి గారూ, మీరు చెప్పిన కోణం నాకు ఇంతవరకు తట్టనే లేదు. ఒక అనుబంధ ప్రశ్న అడుగుతాను. క్రోమ్‌లో నేను వాడే యూబ్లాక్ ఆరిజిన్ అనే బ్లాకర్‌కు ఇక మద్దతు లేదన్న సందేశం వచ్చి అది ఆగిపోయింది. దాని బదులు, సోషల్ మీడియా ప్రకటనలను నూటికి నూరు శాతం తొలగిస్తామని చెప్పుకునే కొత్త ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు జోడించే చిన్న ప్రోగ్రామ్) ఒకటి క్రోమ్ స్టోర్‌లో కనిపించింది. దాన్ని పెట్టుకోవచ్చా?

జవాబు: సుధాకర్

దయచేసి పెట్టుకోకండి. ప్రకటనలను తొలగించే ఎక్స్‌టెన్షన్‌కు మీరు తెరిచే ప్రతి పేజీని చదివే అధికారం, మార్చే అధికారం ఇవ్వక తప్పదు. లాగిన్ అయి ఉన్న మీ సోషల్ మీడియా ఖాతా కూడా అందులోకే వస్తుంది. 2020లో నానో యాడ్‌బ్లాకర్, నానో డిఫెండర్ అనే రెండు ఎక్స్‌టెన్షన్లను వాటి రచయిత వేరేవారికి అమ్మేశాడు. కొన్నవారు కోడ్ మార్చి అప్‌డేట్ వదిలాక, తాము చూడనైనా చూడని ఇన్‌స్టాగ్రామ్ పోస్టులకు తమ ఖాతాల నుంచి లైకులు పడుతున్నాయని వాడుకరులు గుర్తించారు. అంతకు ముందు 2018లో, ప్రసిద్ధ బ్లాకర్ల కోడ్‌ను కాపీ కొట్టి, వేరే పేర్లతో క్రోమ్ స్టోర్‌లో పెట్టిన నకిలీలను యాడ్‌గార్డ్ సంస్థ బయటపెట్టింది, అప్పటికే వాటిని 2 కోట్ల మందికి పైగా పెట్టుకుని ఉన్నారు. నూటికి నూరు శాతం అన్న హామీ ఎంత నమ్మదగినదో శ్రీనివాస్ గారి జవాబు చదివితే మీకే తెలుస్తుంది.

మీకు వచ్చిన సందేశానికి కారణం మ్యానిఫెస్ట్ వీ3 అనే కొత్త నియమావళి. పాత పద్ధతిలో బ్రౌజర్ పంపే ప్రతి అభ్యర్థననూ ఎక్స్‌టెన్షన్ మధ్యలో ఆపి, అప్పటికప్పుడు పరిశీలించి, పంపాలా వద్దా అని తానే నిర్ణయించేది. కొత్త పద్ధతిలో నియమాల జాబితాను ముందుగానే బ్రౌజర్‌కు అప్పగించాలి, నిర్ణయం బ్రౌజర్ తీసుకుంటుంది. ఆ జాబితా పరిమాణానికి హద్దు ఉంది, పైగా చాలావరకు అది ఎక్స్‌టెన్షన్ కొత్త కూర్పుతోపాటే రావాలి. గంటల వ్యవధిలో ఎత్తుగడలు మారే ఫేస్‌బుక్ వంటి చోట ఆ ఆలస్యమే పెద్ద నష్టం. క్రోమ్ 2024 జూన్ నుంచి పాత ఎక్స్‌టెన్షన్లను దశలవారీగా ఆపుతూ వచ్చి 2025లో ఆ పని ముగించింది. భద్రత, వేగం కోసమే ఈ మార్పు అని గూగుల్ చెబుతుంది, పైన చెప్పిన నానో ఉదంతం చూస్తే ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయినా ప్రకటనల మీద బతికే సంస్థే బ్రౌజర్ నియమాలను కూడా రాయడం ఆరోగ్యకరం కాదన్నది నా స్థిరమైన అభిప్రాయం. ఫైర్‌ఫాక్స్ పాత పద్ధతిని కూడా కొనసాగిస్తోంది, యూబ్లాక్ ఆరిజిన్ అందులో పూర్తి శక్తితో పనిచేస్తుంది. దాని రచయిత రేమండ్ హిల్ విరాళాలు కూడా తీసుకోరు. క్రోమ్‌లోనే ఉండాలనుకుంటే ఆయనే రూపొందించిన యూబ్లాక్ ఆరిజిన్ లైట్ ఉంది, సామర్థ్యం కొంత తక్కువ. యాడ్‌బ్లాక్ ప్లస్ వాడితే, 'ఆమోదయోగ్యమైన ప్రకటనలు' అన్న పథకం కింద కొన్నిటిని అది డిఫాల్ట్‌గా వదిలేస్తుందని గుర్తుంచుకోండి. అలా వదిలేసే ప్రకటనలున్న పెద్ద సంస్థల నుంచి రుసుము కూడా తీసుకుంటుంది, వద్దనుకుంటే సెట్టింగులలో ఆ పథకాన్ని ఆపేయవచ్చు.

న్యాయం గురించి అడిగారు కనుక చట్టం సంగతి కూడా క్లుప్తంగా చెబుతాను. యాడ్‌బ్లాక్ ప్లస్ మీద ప్రచురణ సంస్థ ఆక్సెల్ స్ప్రింగర్ వేసిన దావాలో, ప్రకటనలను ఆపే సాఫ్ట్‌వేర్ ఇవ్వడం అక్రమ పోటీ కిందకు రాదని జర్మనీ అత్యున్నత సివిల్ న్యాయస్థానం 2018 ఏప్రిల్ 19న తీర్పు చెప్పింది. కాపీరైట్ ఆధారంగా వేసిన వేరొక దావా 2025లో తిరిగి కింది కోర్టుకు వెళ్లింది. సోషల్ మీడియా సంస్థలకు కోర్టుకన్నా దగ్గరి ఆయుధం ఇంకొకటి ఉంది, అది ఖాతాను ఆపేయడం. న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, తమకు కనిపించిన ప్రకటనలను స్వచ్ఛందంగా పంచుకునేవారి కోసం యాడ్ అబ్జర్వర్ అనే ఎక్స్‌టెన్షన్ తయారుచేశారు. అది ప్రకటనలను తొలగించదు, రాజకీయ ప్రకటనలను ఎవరికి చూపిస్తున్నారో తెలుసుకోవడానికి సేకరిస్తుంది, అంతే. 2021 ఆగస్టులో ఫేస్‌బుక్ ఆ పరిశోధకుల ఖాతాలను ఆపేసింది. అమెరికా వాణిజ్య కమిషన్‌తో తనకున్న గోప్యతా ఒప్పందాన్ని కారణంగా చూపగా, ఆ కారణం సరికాదని కమిషనే ఉత్తరం రాసింది. ప్రకటనను దాచే సాధనమైనా, ప్రకటనను పరిశీలించే సాధనమైనా 'స్పాన్సర్డ్' అన్న మాటను గుర్తుపట్టడంతోనే పని మొదలుపెట్టాలి కాబట్టి, ఒకదానికి వేసిన ముడి రెండోదానికీ తగులుతుంది. నాకు ఫీడ్‌లో నాలుగు ప్రకటనలు కనిపించడం కన్నా ఇది చాలా పెద్ద విషయంగా తోస్తుంది.

ఇక ఫోన్ సంగతి. యాప్ లోపలికి ఏ ఎక్స్‌టెన్షనూ వెళ్లలేదు, ప్రకటన కూడా మిగతా సమాచారంతో కలిసి గుప్తలిపిలో వస్తుంది కనుక బయటి నుంచి వేరుచేయడమూ కుదరదు. యాప్ తీసేసి బ్రౌజర్‌లో వాడటమే ఉన్న మార్గం: ఆండ్రాయిడ్‌లో ఫైర్‌ఫాక్స్‌కు యూబ్లాక్ ఆరిజిన్ దొరుకుతుంది, ఐఫోన్‌లో సఫారీకి కంటెంట్ బ్లాకర్లను పెట్టుకునే వీలు 2015 నుంచి ఉంది. డబ్బు తీసుకుని ఒక వ్యక్తి తన మాటల్లోనే వస్తువును పొగుడుతూ పెట్టే పోస్టును మాత్రం ఇవేవీ ఆపలేవు, అక్కడ ప్రకటనకూ పోస్టుకూ మధ్య గీత అంటూ ఉండదు.

రఘురామ్ గారు చెప్పిన సర్వర్ల మధ్య సంభాషణను కూడా బ్లాకర్ ఆపలేదు కానీ, దాని విషయంలో మీరు చేయగలిగింది ఒకటుంది. ఫేస్‌బుక్ ఖాతా సెట్టింగులలో, ఇతర సైట్లు, యాప్‌లు మీ గురించి మెటాకు పంపిన వివరాల జాబితా ఉంటుంది. దాన్ని తెరిచి చూడండి, పాతదాన్ని తుడిచేసి, ఇకముందు వచ్చేవాటిని మీ ఖాతాతో ముడిపెట్టవద్దని అక్కడే చెప్పవచ్చు. అలా చేసినంత మాత్రాన ప్రకటనల సంఖ్య తగ్గదు, కానీ మీరు వేరే చోట చూసి వదిలేసిన వస్తువు ఫీడ్‌లో ఎదురుకావడం చాలావరకు తగ్గుతుంది.